నిప్పుడుముల ఇల్లరికం

కడుపులో పగ, నెత్తిన కుంపటి. రెంటిలో ఏది ఎక్కువ మండుతోందో చెంగల్వకే తెలియదు.

మిట్టమధ్యాహ్నం. జుట్టుకు బూడిద రాసుకుని, నడుం వంచి, సాంబ్రాణి పొగ వేసే ముసలిదాని వేషంలో మేఖలానగరపు కోటవాకిలి ముందు నిలబడి ఉందామె. ఎదురుగా ఆకాశాన్ని నెట్టుకుంటూ లేచిన ఎర్రరాతి బురుజులు, బురుజు బురుజుకూ పసిడి పూత పూసిన గండభేరుండాలు, వాటి ముక్కులకు వేలాడే కంచు గంటలు, గాలి వీచినప్పుడల్లా ఘల్లుమనే ఆ గంటల కింద దంతపు తాపడం చేసిన తలుపులు, తలుపుల నిండా హంసలూ లతలూ సూర్యచంద్రులూ! చూడవలసిన అందమే. కానీ చెంగల్వ మనసు ఆ కోటలో ఉన్న ఒక్క మనిషి మీదే ఉంది. వాడి పేరు కాలాంజనుడు. లోకానికి వాడు ఒట్టి చేత్తో నిప్పు పుట్టించే మహామాంత్రికుడు, రాజగురువు. చెంగల్వకు మాత్రం అక్క మొగుడు, సొంత బావ. కన్నతండ్రినీ, తోడబుట్టిన అక్కనూ, పుట్టిన వాడనూ కాల్చి బూడిద చేసినవాడు.

'ఇవాళ వాణ్ణి అదే నిప్పుకు ఆహుతి చెయ్యకపోతే నేను గరుడప్ప కూతుర్నే కాదు' అనుకుంది.

వాడి చావు ఆమె నెత్తిమీది కుంపట్లో, బొగ్గుల కింద, వెచ్చటి బూడిదలో ముడుచుకుని పడుకుని ఉంది. అరచెయ్యంత ఉంటుంది. పేరు నిప్పుడుము.

ఇక్కడ కాస్త ఆగాలి. నిప్పుడుము సంగతి తెలియకపోతే ఈ కథలో ఎవడు ఎందుకు కాలాడో మీకు బోధపడదు.

పొగలు కక్కే ధూమ్రగిరి కొండ నోటి చుట్టూ తప్ప ఇంకెక్కడా పుట్టని జీవి అది. కాగిన రాగి రంగు ఒళ్ళు, గురివిందగింజల్లాంటి కళ్ళు, తమలపాకులంత రెక్కలు. ఊళ్ళకు ఊళ్ళు మింగే రెక్కల మహాసర్పాలకు తాను దగ్గరి చుట్టమని దాని నడకలోనే గొప్ప కనిపిస్తుంది గానీ, ఎండుమిరపకాయ చూపిస్తే చాలు, గొప్పలన్నీ మరిచి నాలుక చాపుకుంటూ వచ్చేస్తుంది. బొగ్గులు తింటుంది, కర్పూరం తింటుంది. నీళ్ళంటే గిట్టదు, వానాకాలమంతా కొండ బొరియల్లో తలకిందులుగా వేలాడి నిద్రపోతుంది. సున్నపు బట్టీల వేడి బూడిదలో గుడ్లు పెడుతుంది. బూడిద చల్లారిందా, గుడ్డు కాస్తా గులకరాయి అయిపోతుంది. ఏటేటా అది విడిచే కుబుసాలు ఏరి కుట్టిన బట్ట ఎంత మంటలో వేసినా కాలదు. చెంగల్వ కప్పుకున్న దుప్పటి అలాంటిదే.

నిప్పుడుము నోట నిప్పు కక్కుతుందని ఊళ్ళో జనం అంటారు. శుద్ధ అబద్ధం. ఆడదాని నోట్లో నూనె ఊరుతుంది. మగదాని పళ్ళు చెకుముకిరాళ్ళు. ఆడది నూనె ఉమ్మాలి, మగది పళ్ళు కొరకాలి, అప్పుడే మంట. ఒంటరి ఆడదీ కాల్చలేదు, ఒంటరి మగదీ కాల్చలేదు. ఆ మంట మీద నీళ్ళు పోస్తే ఇంకా రేగుతుంది. బూడిద కప్పితేనే చస్తుంది. ఆ నూనె పిండుకోవడం కూడా అందరి తరమూ కాదు. గుడ్డు నుంచి పెంచిన ఆడమనిషి చేతికైతేనే ఇస్తుంది, వేరెవరు చెయ్యి పెట్టినా వేలు కొరికేస్తుంది.

పైగా ఆ జాతిలో ఇల్లరికం! మగది పుట్టిన గూడు వదిలి ఆడదాని గూటికి వెళ్ళి కాపురం చేస్తుంది. అందుకే కొండ కింద వాటిని పెంచే కుంపటివాళ్ళు మగదాన్ని 'అల్లుడుగారు' అనీ, ఆడదాన్ని 'అమ్మాయి' అనీ పిలుచుకునేవారు. మరి అల్లుడన్నాక అలక ఉండదా? మర్యాదలో వీసమెత్తు తగ్గిందా, అల్లుడుగారు నోరు బిగించి, తోక మొహానికి చుట్టుకుని పడుకుంటారు. పళ్ళు కొరకరు, మిరపకాయ ముట్టరు. సాయంత్రం మేత ముగించుకుని మగవి గూళ్ళకొచ్చే వేళకు వాడలో గడపగడపకూ ఆడవాళ్ళు ఒకటే కేక వేసేవారు: "అమ్మాయీ, అల్లుడుగారొచ్చారే, కాళ్ళకి నీళ్ళివ్వూ!" ఆ కేక వినగానే ఆడది గూటి గుమ్మంలోకొచ్చి మగడి కాళ్ళ దగ్గర చుక్క నూనె ఉమ్మేది. మగడు పొంగిపోయి టిక్కుమని పళ్ళు కొరికేవాడు. ఇంటి దీపం అలా వెలిగేది.

ఆ వాడకు పెద్ద గరుడప్ప, చెంగల్వ తండ్రి. మగపిల్లలు లేక పెద్దకూతురు సంపెంగకు ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకున్నాడు. ఊరూరా గారడీ చేసుకు బతికే కాలాంజనుడే ఆ అల్లుడు. గరుడప్ప వాడి కాళ్ళు కడిగాడు. ముందు వాడికి వడ్డించి ఆ తరవాతే తాను తిన్నాడు. ఒకనాడు అల్లుడు అలిగాడు. వెండిగిన్నె ఇస్తామన్నా లేవలేదు, పాడి ఆవునిస్తామన్నా లేవలేదు. నిప్పు గుట్టు చెబితేనే లేస్తానన్నాడు. అల్లుడి అలక తీర్చకపోతే పొయ్యిలో నిప్పు నిలవదని నమ్మే జాతి వాళ్ళది. చెప్పేశాడు మహానుభావుడు! ఉడుములకిచ్చే మర్యాద మనుషులకూ ఇవ్వడం కుంపటివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు.

చెకుముకి పొదిగిన ఉంగరమూ, భరిణెడు ఉడుము నూనే చేతికొచ్చేసరికి గారడీవాడు మాంత్రికుడయ్యాడు. ఒక తెల్లవారుజామున రాజు విజయపాలుడు పడక మీదే కాలిపోయాడు. కిటికీ దగ్గర సంపెంగ పెంచిన ఆడ నిప్పుడుము దొరికింది. దాన్ని అక్కడ పెట్టిందెవరో వేరే చెప్పాలా? "కుంపటివాళ్ళ పురుగే రాజును కాల్చింది" అన్నాడు కాలాంజనుడు. సైనికులు వాడకు నిప్పంటించారు. గరుడప్పను ఆయన బట్టీలోకే తోశారు. "ఒంటరి ఆడది కాల్చలేదురా, వినండ్రా!" అని అరుస్తూనే పోయాడాయన. వినే నాథుడెవడు? గుడ్ల కోసం కొండమీదికెళ్ళిన చెంగల్వ ఒక్కతే మిగిలింది. ఆ ఆడ నిప్పుడుమును బంగారు పంజరంలో పెట్టి, తన మంత్రదండం కొసకు తగిలించుకు తిరుగుతున్నాడు ఆ పాపాత్ముడు. దాని మగడేమో కొండ నోట్లో ఒంటరిగా కూర్చుండిపోయాడు.

ఎన్నో వేసవులు బతిమాలి, ఆ మగణ్ణే దింపి తెచ్చింది చెంగల్వ. కాలాంజనుడి గడ్డానికీ బట్టలకూ ఏళ్ళ తరబడి ఆ నూనె పట్టి ఉంది. తన జోడు వాసన తగిలితే చాలు, అల్లుడుగారు వాడి మీదికి దూకి పళ్ళు కొరుకుతారు. చెంగల్వ చెయ్యాల్సిందల్లా వాడి ఎదటపడి మూత తియ్యడమే.

"ఏయ్, ఎవత్తివి? కుంపట్లో ఏముంది?" అంటూ అడ్డొచ్చాడు కోటవాకిలి కావలి బుస్సన్న. ముందు పొట్ట వచ్చింది, వెనకాల మనిషి వచ్చాడు.

"సాంబ్రాణి దొరా. శుక్కురవారం కదా, రాణిగారికి తలంటు. జుట్టుకి పొగెయ్యాలని కబురొచ్చింది."

"దింపు. చూడందే ఈగని కూడా పోనివ్వొద్దని రాజగురువుగారి ఆజ్ఞ."

దింపిందో లేదో, ఈటె తిప్పి బూడిదలో కసుక్కున గుచ్చాడు. ఈటె కొన తోకకు తగిలింది. బూడిద కింద కీచుమంది.

"అయ్యో, అల్లుడుగారూ!"

నోరు జారింది! పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి నాలుకకు పట్టిన మర్యాద అది, వేషం వేసుకున్నా వదల్లేదు.

బుస్సన్న కళ్ళు చిట్లించాడు. "అల్లుడా? కుంపట్లో అల్లుడెవడే?"

"మా అల్లుడుగారు చేసిన కుంపటి దొరా! కుమ్మరిపని వాళ్ళది. బీటొచ్చిందంటే అలిగి కూర్చుంటాడు, పిల్లని పుట్టింటికి పంపడు."

"మరా కీచుమన్నదేంటి?"

"తడిబొగ్గు దొరా, కాలేటప్పుడు ఏడుస్తాది."

బుస్సన్న మొహం మెత్తబడింది. "అల్లుళ్ళ సంగతి నాకు చెప్పకు ముసల్దానా! మా వాడికి నిరుడు గేదెనిచ్చా. పాలు పల్చగా ఉన్నాయని అలిగాడు! గేదె చేసిన పనికి నన్నేం చెయ్యమంటావే? పో, పో, పొగేసుకుపో."

బతుకు జీవుడా అని లోపలికి నడిచింది చెంగల్వ. రాణిగారి తలంటు ఇంకా కాలేదట, దాసీ ఆమెను ధూపశాలలో కూర్చోబెట్టి వెళ్ళింది. చందనపు దూలాలు, పాలరాతి గచ్చు, గోడ పొడవునా అగరు మూటలు, గుగ్గిలం బస్తాలు, కస్తూరి నింపిన పింగాణీ జాడీలు. మూల ఇత్తడి బిందెనిండా నీళ్ళు. గోడలో పొగ పోవడానికి మనిషి పట్టేంత గూడు. చెంగల్వ కుంపటి మూత తీసి చూసింది. అల్లుడుగారు తోక మొహానికి చుట్టుకుని అవతలి వైపు తిరిగి పడుకున్నారు.

అలిగారు! ఈటెపోటు ఒకటి, కుమ్మరివాడని చెప్పినందుకు ఇంకొకటి.

"తప్పయింది అల్లుడుగారూ. లెంపలేసుకుంటున్నాను. ఈ ఒక్క పూటకీ కోపం దిగమింగండి. ఇదుగో కర్పూరం. ఇదుగో మిరపకాయ, మీకిష్టమైన ఎర్రది."

తోక కూడా కదల్లేదు.

ఈలోగా అవతల బుస్సన్న ఊరుకున్నాడా? నోట్లో నువ్వుగింజ నానదు కదా! అటుగా వస్తున్న రాజగురువుకు నమస్కారం పెట్టి, "చిత్రం విన్నారా గురువుగారూ, సాంబ్రాణి ముసల్ది కుంపటిని కూడా అల్లుడుగారూ అంటోందండి!" అని పడీపడీ నవ్వాడు. కాలాంజనుడు నవ్వలేదు.

ధూపశాల తలుపు తెరుచుకుంది. మూసుకుంది. లోపల గడియ పడింది.

"వేషం బాగానే కుదిరింది మరదలా! నాలిక్కి వెయ్యడం మరిచిపోయావు."

జరీ అంగీ, నాభిదాకా గడ్డం, చేతిలో దండం, దండం కొసన బంగారు పంజరం. పంజరంలో ఆ ఆడ నిప్పుడుము రెక్కలు ముడుచుకుని, రంగు మాసి కూర్చుని ఉంది. చెంగల్వ వంచిన నడుం నిలబెట్టింది.

"భటుల్ని పిలవ్వేం బావా? సిగ్గా?"

"పిలిస్తే నీ నోరు ఊరుకుంటుందా? నా మంత్రం కాస్తా ఉడుము ఉమ్మి అని టముకేస్తావు." దండంతో కుంపటి లాక్కుని తొంగిచూసి విరగబడి నవ్వాడు. "అలిగాడా! అల్లుడి అలక నాకంటే ఎవడికి తెలుసే? వచ్చే శుక్రవారం దాకా వీడు పన్ను కదపడు. ఏరా తొండా! పెళ్ళాన్ని పంజరంలో పెడితే ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా?"

ఆ మాట అల్లుడుగార్ని అన్నట్టు లేదు, చచ్చిపోయిన తన తండ్రిని అన్నట్టుంది చెంగల్వకు. ఒళ్ళు మండిపోయింది. కుంపటి మూత ఎత్తి విసిరింది. వాడు తల వంచాడు. మూత జాడీలకు తగిలి పింగాణీ భళ్ళుమంది. వాడు భరిణె తీసి ఆమె మీద నూనె చిమ్మాడు, ఉంగరం గోడకు రాశాడు. చిటుక్కుమంది. పాములా బుసకొడుతూ మంట వచ్చింది. చెంగల్వ కుబుసాల దుప్పటి ముసుగు తన్ని నేలమీద దొర్లింది. మంట దుప్పటి మీద నుంచి జారి గుగ్గిలం బస్తాలకు అంటుకుంది. గది నిండా పొగ. లేచింది. మళ్ళీ చిటుక్కు! స్తంభం చాటుకు దూకింది. స్తంభం అంటుకుంది. కుంపట్లోని బూడిద కోసం పరిగెత్తబోయి కాలు జారి బోర్లాపడింది. దండంతో వీపు మీద అదిమిపెట్టాడు వాడు.

"మీ అయ్య దగ్గరికే పోతున్నావు. అడిగానని చెప్పు."

చెంగల్వ మొహం నేలకు ఆని ఉంది. పొగలోంచి వాడి కాళ్ళు కనిపించాయి. వెండి పావుకోళ్ళలో తీరిగ్గా నిలబడ్డ కాళ్ళు. నాన్న రోజూ కడిగిన కాళ్ళు! కడుపులోంచి తన్నుకొచ్చింది కేక.

"అమ్మాయీ! అల్లుడుగారొచ్చారే! కాళ్ళకి నీళ్ళివ్వూ!"

కాలాంజనుడు ఠక్కున తన కాళ్ళకేసి చూసుకున్నాడు. పాత అలవాటు మరి! ఎన్ని సాయంత్రాలు ఆ కేక విని అరుగు మీద కాళ్ళు చాపుకు కూర్చున్నాడో. పంజరంలో ఆడది రెక్కలు విప్పింది. ఏళ్ళ తరబడి ఎవరూ వెయ్యని కేక విని లేచి, ఊచల్లోంచి మెడ చాపి ఉమ్మింది. నూనె ధారగా వాడి పాదాల మీద పడింది.

కుంపట్లో తోక విడింది. బూడిద లేచింది. అల్లుడుగారు పెళ్ళికొడుకు ఠీవిగా గాల్లో ఒక్క చుట్టు చుట్టి, వాడి పావుకోళ్ళ ముందు వాలి, పళ్ళు కొరికారు.

టిక్.

పాదాల నుంచి మోకాళ్ళకు, మోకాళ్ళ నుంచి జరీ అంగీకి పాకింది మంట. దండం జారిపోయింది. కాలాంజనుడు గెంతాడు, దొర్లాడు, కేకలు పెట్టాడు. "నీళ్ళు! చెంగల్వా, నీళ్ళు!"

చెంగల్వ బిందె వంక చూసింది, వాడి వంక చూసింది.

"కాళ్ళకి నీళ్ళిచ్చాం కదా బావా."

ఎంత హాయిగా ఉందో ఆ మాట అంటుంటే! ఈ మాట కోసమే ఇన్నాళ్ళూ బతికింది. తండ్రి చివరి కేక చెవుల్లో గింగురుమంటుంటే, చేతులు కట్టుకుని నిలబడి చూసింది. మంట నడుం దాటింది.

"బూడిద... బూడిద కప్పవే... సంపెంగ బతికే ఉంది!"

"అబద్ధాలకోరా! చచ్చేటప్పుడు కూడానా?"

"ఈ ఉడుము ఎవరి చేతికి నూనె ఇస్తుందే?" వాడు కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు. "నా చేతికా?"

చెంగల్వ కట్టుకున్న చేతులు విప్పింది. నిజమే! గుడ్డు నుంచి పెంచిన చేతికి తప్ప అది చుక్క నూనె రాల్చదు. దాన్ని పెంచింది అక్క. మరి ఇన్నేళ్ళూ వీడి భరిణె నింపుతున్నదెవరు? కుంపటివాడలో పాలు మరిచిన పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. పగ కళ్ళు కప్పేసి, గరుడప్ప కూతురికే తట్టలేదు.

కుంపటి పట్టుకుని వాడి మీదికి వంగింది. దోసెడు బూడిద తీసింది.

"ఎక్కడుంది?"

"ధూమ్రగిరి... ధూమ్రగిరిలో..."

దోసెడు బూడిద కాళ్ళ మీద పడింది. కాళ్ళు ఆరాయి.

"కొండంతా వెతకమంటావా? చోటు చెప్పు."

"మీ నాన్న బట్టీ కింద... సొరంగం ఉంది. అడుగున రాతి గది."

దోసెడు నడుం మీద పడింది. పొట్టా గడ్డమూ ఇంకా కాలుతున్నాయి. నాన్నను తోసిన బట్టీ కిందే అక్కను దాచాడు! ఆ బూడిద మీద ఎన్నిసార్లు కూర్చుని ఏడ్చింది తను! కింద అక్క వినే ఉంటుంది. చెంగల్వ ఆఖరి దోసెడు బూడిద ఎత్తి, వెయ్యకుండా ఆపింది.

"తలుపు తెరవడమెలా?"

"నేను లేందే తెరుచుకోదే! నా గొంతుకే తెరుచుకునే తలుపు... కప్పవే తల్లీ, కప్పు!"

ఎంత గడుసువాడో చూశారా, ఒళ్ళు కాలుతున్నా బేరం మరవలేదు. చెంగల్వ పళ్ళు నూరింది. ఆ బూడిద కుంపట్లోనే పారేసి చక్కా పోదామనిపించింది. కానీ రాతి గదిలో అక్క ఉంది. ఆఖరి దోసెడు వాడి గడ్డం మీద కొట్టింది, కప్పినట్టు కాదు, చెంపదెబ్బ కొట్టినట్టు. మంట ఆరింది.

తలుపు ధనధనా మోగింది. "గురువుగారూ! పొగొస్తోందండీ! గురువుగారూ, నేను బుస్సన్ననండీ! గొడ్డలి తెండ్రా!"

చెంగల్వ పంజరం తలుపు ఊడబెరికింది. దుప్పటి అంచు చీల్చి వాడి చేతులు వెనక్కి కట్టింది. కాల్చి తెంపుకుందామన్నా తెగని కట్టు అది. మెడ పట్టి లేవదీసి పొగగూటి దగ్గరికి ఈడ్చింది. లోపల మసి దులిపేవాళ్ళ మెట్లు చీకట్లోకి దిగుతున్నాయి. కిందెక్కడో కందకం నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"నడవలేనే... కాళ్ళు కాలిపోయాయి."

"అక్క కనిపించిందాకా నువ్వు నా బావవే. మర్యాదకు లోటు చెయ్యను. పద, అల్లుడే ముందు నడవాలి."

వెనక గొడ్డలి దెబ్బకు తలుపు పగిలింది. "ఒసే ముసల్దానా, ఇదా నీ అల్లుడి కుంపటి!" అని బుస్సన్న గావుకేక పెట్టాడు. చెంగల్వ బావను గూట్లోకి తోసి తానూ దూకింది. పొగలోంచి రెక్కల చప్పుడు వచ్చింది. ఇన్నేళ్ళ ఎడబాటు తీరిన జంట ఒకదాన్నొకటి పిలుచుకుంటూ వచ్చి వాలింది, ఆమె భుజాల మీద కాదు. కాలాంజనుడి కుడిభుజం మీద అమ్మాయి నోటినిండా నూనెతో కూర్చుంది. ఎడమభుజం మీద అల్లుడుగారు కూర్చుని, తీరిగ్గా పళ్ళు చూపించారు. మధ్యలో వాడి మెడ ఉంది.

"ఊపిరి కూడా మెల్లగా పీల్చు బావా" అంది చెంగల్వ. "మర్యాద తగ్గితే అలిగే రోజులు అయిపోయాయి."